మన ఇంటి గోడలో ఏముంది?



చరిత్ర అనగానే మనకు క్లాసులో చెప్పేది కోటలు, గుడులు, శాసనాలు. రాయి మీద చెక్కింది చరిత్ర అయ్యింది. మట్టితో మెత్తింది కాలేదు. మా హాస్టల్ రూములో ఆరుగురం ఉంటాం. అందరం మట్టి గోడల ఇండ్లలో పుట్టినోళ్లమే. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి వాళ్లం కూడా మేమే. అందుకే ఈసారి రాజుల గురించి కాదు, మన గోడల గురించి రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

ముందు గోడను విప్పి చూద్దాం. మన ఇంట్లో బరువు మోసేది గోడ కాదు, గుంజలు. మధ్యలో నిట్టాళ్లు, వాటి మీద వెన్నుపట్టె, దాని మీంచి రెండు పక్కలకు వాసాలు. కప్పు బరువంతా ఈ కర్రల మీదుగా భూమిలోకి దిగుతుంది. అందుకే గట్టి వానకు గోడ మట్టి రాలినా ఇల్లు పడదు. గుంజ పుచ్చితేనే పడుతది. గుంజల మధ్య ఖాళీని నింపేది తడిక. వెదురును చీల్చి, పలచని బద్దలు చేసి అల్లుతరు. వెదురు పనిలో మన కోలాం వాళ్ల చేయి ఎంత తిరిగిందో అందరికీ తెలిసిందే. వానలు పోయి చలి పడ్డాక కొట్టిన వెదురుకు పురుగు తక్కువ పడుతది. ఆ కాలంలో దానిలో పిండి పదార్థం తక్కువ ఉంటుంది, పురుగు తినేది ఆ పిండినే. మన పెద్దోళ్లు ఈ మాట సైన్సు భాషలో చెప్పలేదు కానీ ఎప్పుడు కొట్టాలో మాత్రం చెప్పారు.

తడికకు రెండు పక్కలా మట్టి. వట్టి మట్టి మెత్తితే ఎండినప్పుడు కుంచించుకుపోయి పగుళ్లిస్తది. తరిగిన గడ్డి కలిపితే ఆ పోచలు మట్టిని పట్టి ఉంచుతయి. పైపూతలో పేడ కలిపితే దానిలోని సన్నని పీచు కూడా అదే పని చేస్తుంది. ఈ పూత ఎప్పటికీ ఉండేది కాదు, పండుగకో వానాకాలం అయ్యాకనో మళ్లీ అలకాలి. అలికేది మన అమ్మలు, అవ్వలు. అంటే ఒక పాత ఇంటి గోడ మీద పొరలు పొరలుగా ఉన్నది ఆడవాళ్ల చేతి పని. ఏ రికార్డులోనూ వాళ్ల పేరు లేదు కానీ పెచ్చు ఊడిన చోట చూస్తే ఆ పొరలు కనబడతయి.

ఇంత పలచని గోడ చరిత్రకు ఏం మిగులుస్తది అని ఎవరన్నా అడగొచ్చు. తవ్వకాలు జరిపేవాళ్లను అడిగితే చెబుతరు. గుంజ పుచ్చి మట్టిలో కలిసినా, అది నాటిన గుంత రంగు వేరుగా ఉంటది. ఆ గుంతల వరుసను బట్టి ఇల్లు ఎంత పెద్దది, గుండ్రమా చదరమా అని లెక్క కడతరు. మన జిల్లాలో ఒక ఉట్నూరు ఉన్నట్టే పాలమూరు వైపు ఇంకో ఉట్నూరు ఉంది. అక్కడి బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు తవ్వించాడు. నాలుగు వేల ఏండ్ల కిందట పశువుల మందను కట్టిన దొడ్డి, దాని చుట్టూ నాటిన గుంజల గుంతలు, పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. రాజు లేడు, శాసనం లేదు, అయినా అది చరిత్ర పుస్తకంలోకి ఎక్కింది. ఇంకో సంగతి. తడిక గోడ కాలిపోతే వెదురు బూడిదవుతుంది కానీ, దాని మీది మట్టి ఇటుకలా కాలి గట్టిపడుతది. ఆ పెళ్ల లోపలి వైపు వెదురు అల్లిక అచ్చు పడి ఉంటది. అంటే కాల్చినా గోడ సాక్ష్యం పోదు.

ఈ మాట మనకు ఊరికే రాయలేదు. నిజాం కాలంలో అడవికి హద్దు గీతలు గీశారు. గీత లోపల పడ్డ మన గూడేలను ఖాళీ చేయించారు, ఇండ్లకు నిప్పు పెట్టించారు. కుమ్రం భీం పోరాటం జల్, జంగల్, జమీన్ కోసమని మనం అంటాం. ఆ మూడింటితో పాటు అది కాలిన ఇండ్ల కోసం చేసిన పోరాటం కూడా. 1940లో జోడేఘాట్ దగ్గర భీం అమరుడయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకునే పని సర్కారుకు పడింది. అప్పుడు మన ప్రాంతానికి వచ్చిన హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి మన బతుకును రాశాడు. ఖాళీ చేయించిన, తగలబెట్టిన ఊర్ల సంగతి ఆయన రాతల్లోనూ ఉంది. "వీళ్లు స్థిరంగా ఉండరు, గుడిసెలు ఇట్ల కట్టి అట్ల పోతరు" అని ఇప్పటికీ కొందరు అంటరు. పోడు కొట్టినప్పుడు కొండ మారిన మాట నిజమే. కానీ రేపు ఎవడొచ్చి నిప్పు పెడతడో తెలియని ఇంటికి ఎవరు గట్టి గుంజ నాటుతరు? పైగా అడవిలో కర్ర కొడితే కేసు. అందుకే ఇల్లు మారినా గుంజలు పారేయరు, పీకి కొత్త ఇంటికి వాడుకుంటరు. కొన్ని గుంజల వయసు ఇంటి వయసు కంటే ఎక్కువ.

ఇప్పుడు కాగితాల సంగతికి వద్దాం. జనాభా లెక్కల్లో గోడ, కప్పు రెండూ చూసి ఇండ్లను శాశ్వత, అర్ధ శాశ్వత, తాత్కాలిక అని మూడు రకాలు చేస్తరు. మట్టి గోడ, గడ్డి కప్పు ఉంటే అది తాత్కాలికం. ఆ ఇంట్లో ముగ్గురు తరాల వాళ్లు పుట్టినా కాగితం మీద మాత్రం తాత్కాలికమే.

కానీ ఇంకో కాగితం వేరే మాట చెబుతది. 2006 అటవీ హక్కుల చట్టం సాగుకే కాదు, నివాసానికి కూడా హక్కు ఇస్తుంది. మన ఎస్టీలకైతే 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి ఆ భూమి మన ఆధీనంలో ఉన్నట్టు చూపాలి. దేన్ని సాక్ష్యంగా తీసుకోవాలో ఆ చట్టం నియమాల్లో 13వ నియమం చెబుతుంది. అందులో ఇల్లు, గుడిసె, పొలం గట్లు ఉన్నాయి. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. దరఖాస్తుదారు కాని పెద్దమనుషులు చెప్పిన మాటను రాసి పెడితే అది కూడా సాక్ష్యమే. ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు చూడాలని కూడా ఉంది. శాటిలైట్ ఫొటో మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదని 2012 సవరణ చెప్పింది. చెట్ల నీడలో ఉన్న మన ఇల్లు పైనుంచి కనబడకపోతే, లేనట్టు కాదు.

ఇందుకే తొందర. ఇప్పుడు మన ఊర్లకు స్లాబు ఇండ్లు వస్తున్నయి. రావాలి కూడా. వానకు కారని ఇల్లు, తేలు దూరని గోడ మన అమ్మలకు కావాలి. మట్టి ఇల్లు గొప్పదని చెప్పి వాళ్లను అందులోనే ఉండమనడం మా ఉద్దేశం కాదు. కానీ పునాది తవ్వే ముందు పాత ఇంటిని ఒక్క రోజులో కూల్చి ట్రాక్టరుకెత్తితే, దాంతో పాటు సాక్ష్యం కూడా పోతది.

కాబట్టి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఈ నాలుగు పనులు చేద్దాం. కూల్చబోయే ఇంటిని లోపల, బయట ఫొటోలు తీయాలి, తారీఖు పడేటట్టు. గుంజలు ఎన్ని, ఏ కర్ర, ఎవరు నాటారు అని తాతలను అడిగి నోటు పుస్తకంలో రాయాలి. ఆ మాటను పెద్దమనుషుల సంతకంతోనో వేలిముద్రతోనో గ్రామసభ ముందు పెట్టాలి. క్లెయిమ్ ఇంకా తేలని ఇండ్ల సంగతి మొదలు చూడాలి, ఎందుకంటే పరిశీలన పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని చట్టంలోనే ఉంది.

మన తాతలకు రాత రాలేదు, అందుకని గుంజ నాటి పోయారు. మనకు రాత వచ్చింది. మీ ఊర్లో అందరికంటే పాత గుంజ ఎవరింట్లో ఉందో, అది ఏ కర్రదో కింద రాయండి. అన్నీ ఒక్క చోట చేర్చే పని మేము చూసుకుంటాం.

జై ఆదివాసీ!