ట్యూబులైటు నుంచి ఎల్.ఇ.డి.కి : కృత్రిమకాంతి సేద్యంలో ఒక సంధిదశ

నాలుగు గోడల మధ్య మొక్కలు పెంచేచోట ట్యూబులైట్లు పోయి ఎల్.ఇ.డి. దీపాలు రావడాన్ని సాధారణంగా విద్యుత్తు పొదుపు కథగానే చెబుతారు. ఆ పొదుపు కాదనలేనిది. అయితే ఈ మార్పుకు తొలి అడుగులు అంతరిక్ష సేద్యం కోసం జరిగిన పరిశోధనల్లో పడ్డాయి. అప్పటికి పొదుపన్నది ఇంకా అంచనా మాత్రమే.

ట్యూబులైటు 1938లో అమెరికా విపణిలోకి వచ్చింది. గొట్టంలోని పాదరసపు ఆవిరి అతినీలలోహిత కిరణాలను వెలువరిస్తే, గాజు లోపలి పూత వాటిని కంటికి కనిపించే కాంతిగా మారుస్తుంది. తీగ కాలి వెలిగే బల్బుతో పోలిస్తే దీని వేడి చాలా తక్కువ కనుక ఆకులకు దగ్గరగా అమర్చే వీలు కలిగింది. పరిశోధనశాలల పెంపకపు గదుల్లోను, కణజాల వర్ధనపు అరల్లోను అది దశాబ్దాలపాటు నిలిచింది. కానీ తెల్ల ట్యూబులైటు మనిషి కన్ను కోసం తయారైన దీపం. దానిలో తక్కువగా ఉండే ఎర్ర, దూరఎరుపు కిరణాల కోసం పక్కనే మామూలు బల్బులను వెలిగించేవారు. 1960ల నాటి గ్రో-లక్స్ వంటి ట్యూబులు ఎరుపు, నీలాల పాలు పెంచి ఈ లోటును కొంత పూడ్చాయి.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆర్.జె. బులా, ఆయన సహచరులు 1991లో ప్రకటించిన ప్రయోగఫలితం ఈ చరిత్రలో కీలకమైనది. వారు ఎర్ర ఎల్.ఇ.డి.ల కింద లెట్యూస్ మొక్కలను 21 రోజులు పెంచారు. ట్యూబులైట్లు, బల్బులు కలిపి వాడినప్పుడు వచ్చినట్లు నమోదైన పెరుగుదలకు అది సమానంగా ఉంది. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. మొక్క ఆకృతికి అవసరమైన నీలికాంతిని ఆ ప్రయోగంలో అందించినది నీలి ట్యూబులైటే! మొక్కలకు చాలినంత నీలికాంతి ఇవ్వగల ఎల్.ఇ.డి. అప్పటికి అందుబాటులో లేదు. ఎర్రకాంతి ఒక్కటే ఇస్తే లెట్యూస్ మొలకల కాడలు సాగిపోతాయని ఆ బృందమే మరుసటి ఏడాది చూపింది. అంటే కొత్త దీపం తొలినాళ్లలో పాతదాని ఊతంతోనే నిలబడింది.

ఆ ఊతం అక్కరలేకుండా చేసినది జపానులో షూజీ నకమురా 1993లో సాధించిన ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. నీలి ఎల్.ఇ.డి. ఆవిష్కరణకు అకసాకి, అమనోలతో పాటు ఆయనకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ లభించింది. 1995లో కొలంబియా నౌకలో, ఎల్.ఇ.డి. కాంతి గల ఆస్ట్రోకల్చర్ పేటికలో, బంగాళాదుంప ఆకుముక్కలకు చిన్న దుంపలు ఊరాయి.

ఎరుపు, నీలం రెండూ చాలునన్న నమ్మకం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ ఊదా వెలుగులో ఆకులు నల్లగా కనిపిస్తాయి; తెగులు సోకినా, పోషకలోపం తలెత్తినా కంటితో పసిగట్టడం కష్టం. పైగా కెన్నెడీ అంతరిక్ష కేంద్రపు పరిశోధకులు 2004లో, కొంత ఆకుపచ్చ కాంతి కలిపితే లెట్యూస్ మరింత బాగా పెరుగుతుందని చూపారు. అనవసరమని తోసిపుచ్చిన రంగు ఆ విధంగా తిరిగి వచ్చింది. 2015 ఆగస్టులో అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తిన్న ఎర్ర లెట్యూస్‌ను పెంచిన 'వెజీ' పరికరంలో ఎరుపు, నీలం, ఆకుపచ్చ మూడూ ఉన్నాయి.

ఈ మార్పులో పరిశోధకులకు మిగిలిన చిక్కు కొలతలది. కణజాల వర్ధనపు పాత పద్ధతుల్లో చాలావాటిలో కాంతిని లక్సుల్లో పేర్కొన్నారు. లక్సు మానవనేత్రపు కొలమానం. ఎరుపు-నీలం ఎల్.ఇ.డి.ల కింద లక్సుమీటరు తక్కువ అంకె చూపినా, కిరణజన్య సంయోగక్రియకు అందే ఫోటాన్లు పుష్కలంగా ఉండవచ్చు. ట్యూబులైటు నాటి అంకెను యథాతథంగా పాటించి దీపాలు పెంచుకుంటూ పోతే లేత మొక్కలు మాడిపోయే ప్రమాదం ఉంది. వర్ణపటం మారితే కాడ పొడవు, వేరు పుట్టుక కూడా మారవచ్చు కనుక పాత ఫలితాలను కొత్తవాటితో నేరుగా పోల్చలేం.

పాత దీపానికి వెనుదిరిగే దారీ మూసుకుపోతోంది. పాదరసం వాడకంపై మినమాటా ఒప్పందంలోని సభ్యదేశాలు సాధారణ వెలుతురుకు వాడే ట్యూబులైట్ల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027 నాటికి నిలిపివేయాలని 2023లో నిర్ణయించాయి.