మీరెవరి తరఫు?

“పోలీసులు చంపితే రెక్కలు కట్టుకుని వాలతారు, నక్సలైట్లు చంపితే కనబడరేం?” తెలుగునాట హక్కుల సంఘాలవాళ్లు విన్నన్నిసార్లు ఈ మాట ఇంకెవరూ విని ఉండరు. పోలీసు అధికారులు అడిగారు, విలేకరులు అడిగారు, టీవీ చర్చల్లో అడిగారు. ఇన్‌ఫార్మరనే ముద్రతో కొడుకును పోగొట్టుకున్న ఇళ్లవాళ్లూ అడిగారు. ఒక్కొక్కరి గొంతులో ఒక్కో అర్థం పలికినా ప్రశ్న ఒకటే: మీరెవరి తరఫు?

ఇది కరీంనగర్ అడవుల్లో పుట్టిన ప్రశ్నేమీ కాదు. మన దేశంలో దీని వయసు హక్కుల సంఘాల వయసంత. మొదటి సంఘం 1936 ఆగస్టు 24న బొంబాయిలో పుట్టింది. పేరు ఇండియన్ సివిల్ లిబర్టీస్ యూనియన్. ఆలోచన నెహ్రూది. గౌరవాధ్యక్షుడు రవీంద్రనాథ్ ఠాగూర్. సభల భారం, పని భారం మోసింది సరోజినీ నాయుడు. ఏ పార్టీవారైనా, ఏ పార్టీలేనివారైనా చేరి, ప్రభుత్వం పౌరుల స్వేచ్ఛ మీద చెయ్యి వేసినప్పుడల్లా నిలదీయాలన్నది నెహ్రూ ఊహ. కాగితం మీద అది పార్టీలకు అతీతం. కానీ పెట్టినవాడు కాంగ్రెస్ అధ్యక్షుడు, నిలదీయాల్సింది తెల్లదొరల ప్రభుత్వాన్ని. అంచేత ఆ సంఘం కాంగ్రెస్ తోక కాదని ఎవరినీ నమ్మించాల్సిన అవసరం అప్పటికింకా రాలేదు.

ఏడాది తిరక్కుండానే వచ్చింది. 1937 జులైలో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ కాంగ్రెస్ ప్రభుత్వాన్ని ఏర్పరచారు. కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. అదే ఏడు అక్టోబరులో సోషలిస్టు నాయకుడు బాట్లీవాలాను ఆ ప్రభుత్వం రాజద్రోహం కింద అరెస్టు చేసింది. గాంధీజీనీ తిలక్‌నూ జైలుకు పంపిన 124-ఏ సెక్షన్ ఇప్పుడు ఖద్దరు చేతికి వచ్చింది. నెహ్రూ నొచ్చుకున్నారు, రాజాజీ మాత్రం శాంతిభద్రతల మాట చెప్పి కదల్లేదు. కాంగ్రెస్ మంత్రివర్గాలు నిలదొక్కుకున్న కొద్దీ సివిల్ లిబర్టీస్ యూనియన్ నీరసించింది. తనవాళ్లు కుర్చీ ఎక్కాక హక్కుల సంఘం గొంతు ఏమవుతుందో ఈ దేశం మొదటిసారి చూసింది అప్పుడే.

ఈ జబ్బు మన ఒక్కరిదీ కాదు. 1920లో పుట్టిన అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ వ్యవస్థాపకుల్లో ఎలిజబెత్ గర్లీ ఫ్లిన్ ఒకరు. 1940లో ఆ సంఘమే ఆమెను కమ్యూనిస్టన్న కారణంతో కార్యవర్గం నుంచి బహిష్కరించింది. ఎవరి అభిప్రాయాలనైనా కాపాడతామన్నవాళ్లు సొంత గూటిలోని అభిప్రాయాన్ని భరించలేకపోయారు. ఆ తీర్మానాన్ని రద్దు చేసుకునేసరికి 1976 వచ్చింది. అప్పటికి ఫ్లిన్ చనిపోయి దాదాపు పుష్కరమైంది.

న్యాయస్థానాల మీదా ఇదే అనుమానం పడుతూ వచ్చింది. ఇక్కడ తెలుగువాళ్లు మరిచిపోలేని పేరు కోకా సుబ్బారావు. భారత ప్రధాన న్యాయమూర్తిగా 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పులో ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించలేదని చెప్పిన మనిషి. ఏప్రిల్‌లో పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో జాకిర్ హుస్సేన్ మీద నిలబడ్డారు. ఓడిపోయారు. ఆ తీర్పులో ఏ తర్కం ఎంత గట్టిదో తేల్చాల్సిన చర్చ, తీర్పు రాసిన చెయ్యి ఎటు చాచి ఉందన్న చర్చగా మారిపోయింది. 1973 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ ప్రభుత్వం ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను పక్కనపెట్టి ఏ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేసింది. మూడేళ్ల తర్వాత ఎమర్జెన్సీలో నిర్బంధితులు హెబియస్ కార్పస్ వేసుకోవచ్చని తొమ్మిది హైకోర్టులు చెప్పినా, సుప్రీంకోర్టు 1976 ఏప్రిల్ 28న కుదరదంది. అయిదుగురిలో కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. మరుసటి జనవరిలో ఆయన్ను దాటేసి ఇంకొకరిని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా చేసి వెళ్లిపోయారు.

ఆ చీకట్లోనే 1976 అక్టోబరులో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో పౌరహక్కుల, ప్రజాస్వామిక హక్కుల సంఘం పుట్టింది. 1977లో జనతా పార్టీ గెలిచింది, జైళ్లనుంచి వచ్చినవాళ్లు మంత్రులయ్యారు. సంఘం? రాజాజీనాటి కథే. జనతా కూలి ఇందిర తిరిగొచ్చిన 1980లో గానీ అది మళ్లీ కళ్లు తెరవలేదు. అప్పుడు పీయూసీఎల్‌గా కొత్తగా కూడగట్టారు, ఢిల్లీ శాఖ పీయూడీఆర్‌గా విడిగా నడిచింది.

తెలుగు నేల మీద కథ ఇంకో దారి పట్టింది.

ఇక్కడ హక్కుల సంఘాన్ని పుట్టించింది కుర్చీ కాదు, ఉరికంబం. 1950-51లోనే తెలంగాణ సాయుధ పోరాటంలో ఉరిశిక్ష పడ్డ పన్నెండు మంది రైతుల కోసం ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించిన చరిత్ర ఉంది. 1970ల మొదట్లో శ్రీకాకుళం గిరిజన పోరాటాన్ని అణచిన పద్ధతులు, వరసగా పెట్టిన కుట్రకేసులు, ఆదిలాబాద్‌కు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లకు పడిన ఉరిశిక్ష కలిసి ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి పునాది వేశాయి. ఎమర్జెన్సీకి ముందే పుట్టిన సంఘం అది. ఆ ఇద్దరినీ కాపాడాలని దేశమంతా సంతకాలు కదిలాయి, ఒకసారి ఉరి ఆఖరి నిమిషంలో ఆగింది. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరి తీసేశారు.

1977లో జేపీ కోరికపై మాజీ న్యాయమూర్తి తార్కుండే అధ్యక్షతన ఒక కమిటీ ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల మీద విచారణకు దిగింది. కాళోజీ నారాయణరావు, ఎం.వి. రామమూర్తి, అరుణ్ శౌరి అందులో సభ్యులు. న్యాయవాది కె.జి. కన్నబిరాన్ కార్యదర్శి. గాంధేయవాదులు, రాడికల్ హ్యూమనిస్టులు, పత్రికా సంపాదకులు ఒకే బల్ల చుట్టూ కూచున్న ఆ కమిటీని నక్సలైట్ల ముసుగనడం కష్టం. మెదక్ జిల్లా గిరాయిపల్లిలో 1975 జులైలో నలుగురు యువకులు చనిపోయింది ఎదురుకాల్పుల్లో కాదని ఆ కమిటీ చెప్పింది. తర్వాత ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. విచారణను బహిరంగంగా కాక తలుపులు మూసి జరుపుతామనడంతో హక్కుల వాళ్లు బయటికొచ్చేశారు.

అసలు వాళ్లు అడుగుతున్నదేమిటో అర్థం కావాలంటే ఎన్‌కౌంటర్ ఫైలు ఒకటి తెరవాలి. కథ దాదాపు ఒకే అచ్చులో ఉండేది. గాలింపుకు వెళ్లిన పోలీసుల మీద సాయుధులు కాల్పులు జరిపారు. లొంగిపొమ్మని హెచ్చరించినా వినలేదు. ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు తప్పలేదు. కొందరు చీకట్లో పారిపోయారు. తెల్లారి వెతికితే గుర్తు తెలియని శవం, పక్కన తపంచా, కిట్‌బ్యాగు, విప్లవ సాహిత్యం. ఎఫ్‌ఐఆర్‌లో అప్పటి శిక్షాస్మృతి సెక్షన్ 307, అంటే హత్యాయత్నం. ఫిర్యాదుదారు పోలీసు. నిందితుడు చనిపోయినవాడు. నిందితుడు చనిపోయాడు గనక కేసు మూత. ఒక మనిషి తూటాతో చనిపోయాడు, ఎవరు కాల్చారో అందరికీ తెలుసు, కానీ ఆ చావు మీద కేసే లేదు. చంపినవాడు చెప్పిన ఆత్మరక్షణ నిజమో కాదో తేల్చాల్సింది కోర్టు కదా, పోలీస్‌స్టేషనెలా తేలుస్తుందన్నదే సంఘం ముప్పై ఏళ్లు పట్టుకు వేలాడిన ప్రశ్న.

1978 నుంచి 1994 దాకా పౌరహక్కుల సంఘానికి అధ్యక్షుడు కన్నబిరాన్, 1983 నుంచి పదిహేనేళ్లు ప్రధాన కార్యదర్శి కె. బాలగోపాల్. ఒకరు మదురైలో పుట్టి నెల్లూరులో పెరిగిన వకీలు, ఇంకొకరు కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన పంతులు. ఆ కాలంలో నక్సలైట్లు చంపితే ఖండించరేమన్న ప్రశ్నకు సంఘం దగ్గర ఒక జవాబుండేది. పౌరుడు చంపితే పట్టుకోవడానికి పోలీసున్నాడు, శిక్షించడానికి కోర్టుంది, ఉరి తీయడానికి జైలుంది. రాజ్యమే చంపితే అడిగే నాథుడెవరు? చట్టానికి కట్టుబడతానని ప్రమాణం చేసింది రాజ్యం, దళం కాదు. ఈ వాదంలో బలం లేకపోలేదు. కానీ వినేవాళ్లకు అది తప్పించుకునే మాటలాగే వినిపించింది.

ముద్ర పడ్డాక ఖరీదూ చెల్లించాల్సి వచ్చింది. 1985 సెప్టెంబరులో నక్సలైట్లు ఒక ఎస్సైని కాజీపేటలో చంపారు. మర్నాడు, సెప్టెంబరు 3న వరంగల్‌లో శవయాత్ర సాగుతుండగానే సంఘం ఉపాధ్యక్షుడు డాక్టర్ రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఆయన పిల్లల డాక్టరు. ఊరేగింపులోని పోలీసులే చంపారని సంఘం ఆరోపించింది. 1989లో బాలగోపాల్‌ను అపహరించారు. నర్రా ప్రభాకర్‌రెడ్డి, పురుషోత్తం, ఆజం అలీ అనే సంఘం కార్యకర్తల హత్యలు 1991 నుంచి 2001 మధ్య జరిగాయి.

అయితే ప్రశ్నను లోపలినుంచి తవ్వినవాళ్లూ ఆ సంఘంలోనే తయారయ్యారు. 1985 జులైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు. అక్కడ దళితులను నరికింది పోలీసులు కారు, ఊరి పెత్తందారీ కులాలవాళ్లు. రాజ్యం చేసిన హింసే హక్కుల ఉల్లంఘన అయితే ఈ శవాలు ఏ లెక్కలోకి వస్తాయి? సంఘం ఆ రెండు ఊళ్లకూ వెళ్లింది, బాధితుల పక్షాన నిలబడింది. అంటే రాజ్యం అన్న గీతను సంఘం అప్పటికే దాటింది. ఇక 1990 అక్టోబరులో చర్లపల్లి దగ్గర నక్సలైట్లు రైలు పెట్టెను తగలబెట్టి నలభై మందికి పైగా ప్రయాణికుల ప్రాణాలు తీసినప్పుడు, ప్రజాకోర్టుల్లో ఇన్‌ఫార్మర్లంటూ పేదవాళ్లనే చంపుతున్నప్పుడు, అది రాజ్యం కాదు గనక మాకు పట్టదనడం ఎలా?

బాలగోపాల్ ఈ మాట సంఘం లోపలా బయటా అడుగుతూ వచ్చారు. హక్కుల ఉద్యమం ఏ రాజకీయ ఉద్యమానికీ అనుబంధం కాకూడదనీ, అన్యాయపు అధికారం ఎక్కడున్నా, కులంలో, ఇంట్లో, ఆఖరికి విప్లవ పార్టీలోనైనా సరే, అక్కడ ప్రశ్నించాలనీ ఆయన వాదం. అలా రెంటినీ ఒకే త్రాసులో వేస్తే రాజ్యం నేరం పలచబడుతుందని అవతలివారి వాదం. 1998లో ఆయనా మరికొందరూ బయటికొచ్చి అక్టోబరులో మానవ హక్కుల వేదిక ప్రారంభించారు. అంతకు ఏడాది ముందే విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ పౌరస్పందన వేదికను మొదలుపెట్టి ప్రభుత్వాన్నీ నక్సలైట్లనూ కలిపి నిలదీస్తూ వచ్చారు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి గుర్తేడులో నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయన ఒకరు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో జరిగిన శాంతిచర్చలకు దారి వేసింది ఆయన బృందమే.

విడిపోయినవాళ్లు కోర్టు మెట్ల మీద మాత్రం కలుసుకుంటూనే వచ్చారు. పౌరహక్కుల సంఘం ఫిర్యాదు మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబరులో ఆ 307 కథను తప్పుపట్టింది. 1997 మార్చిలో అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ మార్గదర్శకాలు పంపింది. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా ముందుకెళ్లింది. ఎన్‌కౌంటర్ చావు ప్రతిదాన్నీ కేసుగా నమోదు చేయాలి, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాలి. పిటిషన్ పౌరహక్కుల సంఘానిది. వాదించినవారిలో మానవ హక్కుల వేదిక బాలగోపాల్ ఉన్నారు. నెల తిరగకముందే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అదే ఏడు అక్టోబరు 8న బాలగోపాల్, మరుసటేడు డిసెంబరు 30న కన్నబిరాన్ వెళ్లిపోయారు. 2014 సెప్టెంబరులో పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ల విచారణకు పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది.

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసుల తూటాలకు నలుగురు చనిపోయారు. ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులో నిందితులు వాళ్లు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, ఆడవాళ్లు రాఖీలు కట్టారు. అదే రోజు కొందరు మహిళా, హక్కుల కార్యకర్తలు హైకోర్టును ఆశ్రయించారు. ప్రశ్న మళ్లీ వచ్చింది, ఈసారి పార్టీ పేరు లేకుండా: ఆ అమ్మాయి తరఫా, రేపిస్టుల తరఫా? సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లనీ, పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మదగ్గది కాదనీ, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలనీ అందులో ఉంది. ఇవేవీ ఇంకా తెలియని ఆ డిసెంబరులో, హైకోర్టు ఆదేశంతో ఆ నాలుగు శవాలనూ మార్చురీ పెట్టెల్లో పదిహేడు రోజులు ఉంచారు. 23న ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు గాంధీ ఆసుపత్రికి వచ్చి రెండోసారి పోస్టుమార్టం చేశాక, తల్లిదండ్రులకు అప్పగించారు.