సంబద్ధ ఆధిపత్య సంఖ్య

వికారాబాదు నుండి వాడి వైపు పోయే రైలుమార్గము 1874లో నిజాం రాజ్యంలో ప్రారంభమైనది. తాండూరు చేరేలోగా గోధుమగూడ, ధారూరు, రుక్మాపూర్ స్టేషన్లు తగులుతాయి. మొత్తం ఐదు. వీటిలో కొన్నింట మరమ్మతు సిబ్బందిని ఉంచాలనుకొందాము. సిబ్బంది లేని స్టేషనుకు పక్క స్టేషనులో ఉంటే చాలును. కనీసం ఎన్నిచోట్ల ఉంచాలి? గోధుమగూడ, రుక్మాపూర్ – రెండే చాలును. స్టేషన్లను బిందువులుగా, నడుమ దారులను రేఖలుగా గీస్తే అది గ్రాఫు. ఈ రెండు దాని ఆధిపత్య సంఖ్య.

ఈ ప్రశ్నకు మూలము చదరంగపు బల్ల. 64 గళ్ళను అదుపులో ఉంచడానికి ఎందరు మంత్రులు కావాలని 1862లో యేనిష్ విచారించాడు. ఐదుగురు కావాలి. 1958లో ఫ్రెంచి గణితజ్ఞుడు క్లాడ్ బెర్జ్ ఈ భావాన్ని గ్రాఫులకు వేరొక పేరుతో నిర్వచించగా, 1962లో ఓయిస్టీన్ ఓర్ ‘ఆధిపత్యము’ అన్నాడు. ఆ పేరే నిలిచినది.

అయితే మన లెక్కలో ఒక చిక్కున్నది. గోధుమగూడవారు రుక్మాపూర్ వారికి కబురు పంపాలంటే నడుమ ధారూరులో అందుకొనే మనిషి లేడు. సిబ్బందియున్న స్టేషన్లు తమలోతాము తెగకుండా కలిసియుండాలన్న నియమము పెడితే ధారూరును కూడా చేర్చవలసినదే. సంఖ్య మూడవుతుంది. ఇదే సంబద్ధ ఆధిపత్య సంఖ్య. దీనిని 1979లో ధార్వాడ గణితజ్ఞులు ఇ. సంపత్‌కుమార్, హెచ్. బి. వాలికార్ నిర్వచించి, మద్రాసు ఐ.ఐ.టి. పత్రికలో ప్రకటించారు. విదేశపు పుస్తకాలలోనే కొత్త గణితముంటుందనుకొనే విద్యార్థి ఇది గమనించదగినది.

ఒక్క నియమము ఎంత మార్పు తెస్తుందో చూడండి. వికారాబాదు జంక్షను గదా! బీదరు వైపు, సికిందరాబాదు వైపు ఒక్కొక్క పొరుగు స్టేషనును కూడా చేర్చుకొంటే ఏడవుతాయి. మామూలు ఆధిపత్యానికి ఇప్పుడును రెండే చాలును – వికారాబాదు, రుక్మాపూర్. సంబద్ధమైతే నాలుగు కావాలి. కొనలనున్న మూడింటిని తీసివేయగా మిగిలినవి ఆ నాలుగే. చుట్టుదారులున్న గ్రాఫులో మొదట, అన్ని బిందువులను చుట్టు లేకుండా కలిపే చెట్టును గీయాలి. వీలైనన్ని ఎక్కువ కొనలున్న చెట్టును ఎన్నుకొని, ఆ కొనలను తీసివేయాలి.

చెప్పడం సులభమే గాని, అట్టి చెట్టును పెద్ద గ్రాఫులో వెదకడానికి త్వరితమైన పద్ధతి ఏదియు నేటికీ తెలియదు. 1990 దశకంలో, తీగలు లేకుండా ఒకదాని ద్వారా మరొకటి వార్త పంపుకొనే రేడియో పరికరాలు వచ్చినప్పుడు ఇంజనీర్లకు ఈ సంఖ్య అవసరమైనది. అన్ని పరికరాలూ ప్రతి వార్తనూ మోస్తే వాటి బ్యాటరీలు త్వరగా అయిపోతాయి; అందుచేత మోసేవాటిని కొద్దిగా, కాని తెగకుండా, ఎన్నుకోవాలి. ధారూరులో మనిషిని ఉంచిన లెక్కే అది.