రెండుని నూట మూడుసార్లు

మా గుడ్లవల్లేరులో తాతయ్య చదరంగం గడుల్లో గోధుమ గింజల కథ చెప్పినప్పుడల్లా, చివర్లో లక్కోజు సంజీవరాయశర్మ గారి పేరు వచ్చేది. ఆయన 1907లో కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. బందరు చుట్టుపక్కల వాళ్ళకి అవధానమంటే తిరుపతి వేంకట కవులూ పద్యాలూ. అంకెలతో అవధానమంటే తాతయ్యకి అదో వింత.

శర్మగారి గురించి ఎక్కువగా చెప్పుకునేది హైదరాబాదు సభలో వచ్చిన ప్రశ్న. రెండుని నూట మూడుసార్లు వేసి గుణిస్తే ఎంత? ఆయన 32 అంకెలూ వరసగా చెప్పారంటారు. 10141204801825835211973625643008. పైథాన్‌లో ఒక్క లైను రాస్తే నాకూ ఇదే వచ్చింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. 103 ప్రధాన సంఖ్య కదా, ఈ జవాబులోంచి ఒకటి తీసేస్తే మిగిలేదీ ప్రధాన సంఖ్యేనా అని అనుమానం పట్టుకుంది.

ఇది పాత అనుమానమే. ఘాతం ప్రధానమైతే చాలదు: 2047 అంటే రెండు ఘాతం 11లో ఒకటి తక్కువ, అది 23, 89ల లబ్ధం. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 257 దాకా ఏ ఘాతాలకి ప్రధాన సంఖ్య వస్తుందో జాబితా ఇచ్చాడు. 67, 257 తప్పుగా చేర్చాడు. 61, 89, 107 వదిలేశాడు. 103ని చేర్చకపోవడం మాత్రం సరైనదే. ఎలా తెలిసిందో చెప్పలేదు, అవధానిలాగే.

మన సంఖ్యకి కారణాంకం ఏదైనా ఉంటే అది 206 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ ఉండి తీరాలి. 207, 413, 619... అలా పోతూ ఉంటే, 12379533వ మెట్టు దగ్గర 2550183799 దొరుకుతుంది. నిశ్శేషంగా భాగిస్తుంది. రెండో ముక్క 3976656429941438590393. అంతే, ఇంక విడగొట్టలేం, రెండూ ప్రధాన సంఖ్యలే. నా లాప్‌టాప్‌కి ఇది చిటికెలో పని. చేత్తో చేసేవాడికైతే జన్మ చాలదు, అందుకే 1876లో లూకా అసలు భాగించకుండానే ప్రధానమో కాదో తేల్చే పరీక్ష కనిపెట్టాడు.

నన్ను తొలిచేది ఇంకొకటి. ఆ పృచ్ఛకుడు 107 అడిగి ఉంటే? ఇంకో నాలుగు రెట్టింపులు, అంతే. అందులోంచి ఒకటి తీస్తే 33 అంకెల ప్రధాన సంఖ్య వస్తుంది, 1914లో పవర్స్ నిరూపించినది. శర్మగారు ఆ గుణకారం కూడా చేసేసేవారే, నాకు సందేహం లేదు. కానీ సభలో ఎవరూ ఆయన్ని 'ఎంత?' అని తప్ప 'ఎందుకు?' అని అడిగినట్టు నేనెక్కడా చదవలేదు. ఆయన మనసులో ఆ అంకెలు ఏ దారిన వచ్చేవో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంటుంది. తాతయ్యని అడిగితే, చప్పట్లు ఎంతసేపు కొట్టారో చెప్పాడు.