సరకులు ఆగిన సరిహద్దు

కర్నూలు తుంగభద్రకు దక్షిణపుటొడ్డున నున్నది. నదికి ఆవల, కొద్ది క్రోసుల దూరమున ఆలంపురము. ఉభయతీరముల భాష ఒకటే, జొన్నరొట్టె ఒకటే, వియ్యములును కలవు. అయినను 1948లో ఈ నది ఒక ఎల్లగా నుండెను. ఈవల మద్రాసు రాష్ట్రము, ఆవల నిజాము హైదరాబాదు. కడప జిల్లాయు, కర్నూలు సీమలో పెక్కుభాగమును 1800లో నిజాము కుంఫిణీకి వదలుకొనిన దత్తమండలములే యని శ్రోతలెరుగుదురు.

1947 నవంబరు 29న నిజామునకును భారత ప్రభుత్వమునకును ఏడాది గడువుగల యథాతథపు ఒడంబడిక కుదిరెను. సిరా ఆరకముందే రగడ మొదలయ్యెను. హైదరాబాదు ప్రభుత్వము తన సీమలో భారత రూపాయి చెల్లదనెను. బంగారము, వెండి ఎగుమతిని నిషేధించెను. పాకిస్తానునకు ఇరువది కోట్ల రూపాయల ఋణమిచ్చెను. అటుపిమ్మట సరిహద్దున సరకులు ఆగసాగెను. ఆయుధములే కాదు, పెట్రోలు, మందులు, నీటిని శుద్ధిచేయు క్లోరిను సైతము రానీయకున్నారని హైదరాబాదు పక్షపు ఆరోపణ. అట్టి దిగ్బంధమును తాము విధింపలేదని ఢిల్లీ సమాధానము. హైదరాబాదునకు సముద్రపు రేవు లేదు. మార్ముగోవా రేవుపై నిజాము పెట్టుకొనిన ఆశ ఫలింపలేదు.

రజాకారుల దౌర్జన్యములు సాగుచుండగా ఆయుధములను ఆపుట న్యాయమేయని మా అభిప్రాయము. గ్రామములు విడిచి సరిహద్దు జిల్లాలకు వచ్చినవారిని అడిగిన వారెవ్వరును దీనిని కాదనరు. కాని విచిత్రమేమనగా, తుపాకులే చేరినవి! సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి వానిని రహస్యముగా విమానములలో దింపుచుండెను. జ్వరపీడితుని మాత్రకు విమానమెవడు పంపును? ప్రభువుపై బిగించిన ఉచ్చు ముందుగా బిగిసినది రైతు మెడకే.

ఆగస్టు 21న నిజాము ప్రభుత్వము భద్రతాసమితికి ఫిర్యాదు చేసెను. సెప్టెంబరు 13న భారతసేనలు హైదరాబాదులో ప్రవేశించెను. 16న పారిసులో సమితి విచారణ కారంభించెను. 17న హైదరాబాదు లొంగెను. 22న నిజాము ఫిర్యాదును ఉపసంహరించెను. అదే పారిసు నగరమున డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన నామోదించెను. అందలి 25వ అధికరణము ఆహారమును, వైద్యమును ప్రతి మనుష్యుని హక్కుగా పేర్కొన్నది.

హైదరాబాదు విషయము 1949 మే వరకు భద్రతాసమితిలో చర్చకు వచ్చెను. అందు మందుల మాటకంటె, ఫిర్యాదు చేయుటకు నిజామునకు అధికారము కలదా యను ప్రశ్నయే ఎక్కువగా నలిగినది.