పన్నెండుమంది ఫిడేలు మేస్త్రీల ఊరు

తూర్పు జర్మనీలో, చెక్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఫోక్ట్‌లాండ్ కొండల్లో మార్క్‌నాయ్‌కిర్షెన్ అనే చిన్న ఊరుంది. ఫిడేళ్లు, గిటార్లు, బాకాలు, కమానులు, తీగలు అన్నీ అక్కడ తయారయ్యేవి, ఇప్పటికీ అవుతున్నాయి. ఇంత చిన్న ఊరికి అంత పేరు ఎలా వచ్చిందంటే చాలామంది చుట్టూ ఉన్న అడవిని చూపిస్తారు. ఫిడేలు పైపలకకు పనికొచ్చే స్ప్రూస్, అడుగుపలకకు పనికొచ్చే మేపుల్ ఆ కొండల్లో దొరికే మాట నిజమే. కానీ మధ్య ఐరోపాలో అలాంటి అడవులున్న ఊళ్లు వందలున్నాయి, వాటిలో చాలావాటి నుంచి బల్లలు, పీపాలు తప్ప మరేవీ రాలేదు. పైగా కమానుకు వాడే పెర్నంబుకో కర్ర బ్రెజిల్ నుంచి రావాలి, బిరడాలకు వాడే నల్లచేవ కర్ర ఉష్ణదేశాల నుంచి రావాలి. నా దృష్టిలో ఈ ఊరిని పెంచింది మనుషులు, వాళ్లు పనిని పంచుకున్న తీరు. ఆ తీరే ఆ పనివాళ్ల పేర్లను కూడా మింగేసింది.

ముప్పై ఏళ్ల యుద్ధం తర్వాత హాబ్స్‌బర్గ్ పాలకులు బొహీమియాను మళ్లీ కాథలిక్ దారికి తేవాలని పట్టుబట్టారు. కొండ అవతల గ్రాస్లిట్స్‌లో ఉన్న ప్రొటెస్టెంట్ ఫిడేలు పనివాళ్లు మతం మార్చుకోలేక, ఇల్లూ వాకిలీ వదిలి ఈ ఊరున్న శాక్సనీలోకి వచ్చేశారు. 1677లో పన్నెండుమంది మేస్త్రీలు ఇక్కడ వృత్తిసంఘం పెట్టుకున్నారు. అడవి అంతకుముందూ ఉంది, ఫిడేలు మాత్రం వీళ్లతోనే వచ్చింది. సంఘం ఉన్నచోట హక్కుల తగాదా తప్పదు. 1820ల చివర, 1830ల మొదట్లో గిటారు ఎవరు చేయాలన్న దానిమీద ఫిడేలు మేస్త్రీలకూ వడ్రంగులకూ పెద్ద గొడవ జరిగింది. కుర్చీలు చేసుకునేవాళ్లకు వాద్యాలతో ఏం పని అన్నది ఫిడేలు వాళ్ల ఎత్తిపొడుపు. మీ సంఘం నిబంధనలు రాసుకున్ననాటికి మన ఊళ్లో గిటారే లేదుగా, అది మీ సొత్తెలా అయిందన్నది వడ్రంగుల జవాబు. వాదనలో గెలిచింది వడ్రంగులే. అయినా వాళ్లలో ఒకడు, వియన్నాలో గిటార్ల మేస్త్రీ స్టౌఫర్ దగ్గర పని నేర్చిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్, 1833లో ఓడెక్కి న్యూయార్క్ వెళ్లిపోయాడు. అమెరికాలో నేటికీ నడుస్తున్న మార్టిన్ గిటార్ల కంపెనీకి మూలపురుషుడు ఆయనే.

1860ల మొదట్లో శాక్సనీలో వృత్తిసంఘాల గుత్తాధికారం రద్దయింది. అప్పటికే ఊళ్లో బలపడుతున్న వ్యాపారులకు ఇక అడ్డు లేకపోయింది. నూలిచ్చి చీర తీసుకుపోయే షావుకారు మగ్గాలను నడిపినట్టే, వీళ్లు చుట్టుపక్కల పల్లెలను నడిపారు. ఒక ఇంట్లో ఫిడేలు డొల్లలే చేస్తారు, మరో ఇంట్లో మెడ చివరి చుట్ట మాత్రమే చెక్కుతారు, ఇంకో ఇంట్లో బిరడాలే. ఇంటిల్లిపాదీ పనిచేసి, తయారైన సరుకును బుట్టల్లో వీపున మోసుకుని ఊళ్లోకి తెచ్చి అప్పగిస్తారు. ఆ కాలపు చౌక ఫిడేలు ఒకదాన్ని విప్పి చూస్తే ఈ పద్ధతి మొత్తం కంటికి కనిపిస్తుంది. పైపలక లోపల విడిగా అతికించాల్సిన బేస్ బార్ అనే కర్రపట్టీని అదే పలకలోంచి తొలిచేటప్పుడే గట్టులా వదిలేస్తారు. మూలల్లో ఉండాల్సిన చెక్క దిమ్మెలు చాలాసార్లు ఉండనే ఉండవు. అన్నీ సరిగ్గా లెక్కేసి కొట్టిన అడ్డదారులే. 1893లో అమెరికా ఈ ఊళ్లో ఏకంగా ఒక కాన్సులేట్ తెరిచి 1916 దాకా నడిపిందంటే అట్లాంటిక్ దాటిపోయిన సరుకు ఏపాటిదో ఊహించుకోవచ్చు.

ఆ ఫిడేళ్ల కడుపులో అతికించిన స్ట్రాడివేరియస్ చీటీలను చూపించి, ఇది నకిలీల ఊరని కొట్టిపారేసేవాళ్లున్నారు. ఆ చీటీ చెప్పేది ఫలానా నమూనాలో చేశామని. అమెరికా కేటలాగుల్లో కొద్ది డాలర్లకు ఫిడేలు కొన్న రైతుకు అది స్ట్రాడివేరియస్ ఊరైన క్రెమోనా నుంచి రాలేదని తెలుసు. మోసం చాలావరకు తర్వాతి తరాల అటకల మీద పుట్టింది. దీనికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది. వ్యాపారులు మేడలు కట్టుకుంటే డొల్లలు చేసినవాడికి దక్కింది అరకొర కూలి. దీన్ని ఎవరూ సమర్థించలేరు, నేనూ సమర్థించను. అయితే పని ముక్కలైతే నైపుణ్యం చస్తుందన్న తీర్పు మాత్రం ఇక్కడ నిలవదు. ఒకే వస్తువు మీద తరతరాలు కూర్చున్న ఇళ్లలోంచే ఫ్రెట్ష్నర్ కుటుంబం కమానులు వచ్చాయి. 1902లో మొదలైన ఎర్నెస్ట్ హైన్రిష్ రోత్ కార్ఖానా ఫిడేళ్లకు వాద్యకారుల దగ్గర ఈనాటికీ గిరాకీ ఉంది.

అడవి వాదానికి అసలు పరీక్ష 1945 తర్వాత వచ్చింది. సరిహద్దు అవతల షోన్‌బాఖ్‌లో ఇదే పని చేసే జర్మన్లను చెకోస్లొవేకియా వెళ్లగొట్టింది. వాళ్లలో చాలామంది బవేరియాలోని బూబెన్‌రాయ్ట్ అనే వ్యవసాయ పల్లె చేరారు. కొన్నేళ్లలోనే అది వాద్యాల ఊరైపోయింది. చెట్లు వెంట రాలేదు, పనివాళ్లు వచ్చారంతే. మార్క్‌నాయ్‌కిర్షెన్ మాత్రం తూర్పు జర్మనీలో మిగిలి, ముజీమా అనే ప్రభుత్వ సంస్థ కింద గుట్టలుగా గిటార్లు తయారుచేసింది. రెండు జర్మనీలు కలిశాక ఆ పెద్ద ఫ్యాక్టరీ నిలదొక్కుకోలేక ఈ శతాబ్దం మొదట్లో మూతపడింది. నిలిచినవి చిన్న కార్ఖానాలు. వాటిలో చేసినవాడి పేరే చీటీ మీద ఉంటుంది, ధరా అందుకు తగ్గట్టే ఉంటుంది. 2014లో జర్మనీ ఈ పనితనాన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. ఇక కొద్ది డబ్బుకు ఫిడేలు కావాలన్న విద్యార్థి ఇప్పుడు కొనేది ఎక్కువగా చైనా సరుకు. జియాంగ్సూ రాష్ట్రంలోని హువాంగ్‌చియావ్ లాంటి ఊళ్లలో చుట్ట చెక్కేవాళ్లు వేరు, రంగు పూసేవాళ్లు వేరు.