బాగ్దాద్‌లో రెండు రోజుల వాదం

క్రీ.శ. 781 ప్రాంతం. బాగ్దాద్ నగరం వెలసి అప్పటికి ఇరవయ్యేళ్లవుతోంది. ఖలీఫా అల్ మహ్దీ దర్బారుకు తూర్పు క్రైస్తవ సంఘాధిపతి తిమోతి వచ్చాడు. మర్యాద మాటలయ్యాక దైవ స్వభావం గురించి, ఆదీ అంతం లేని ఆయన ఉనికి గురించి కాసేపు ప్రసంగించాడు. అంతా విన్న ఖలీఫా సూటిగా అడిగాడు. దేవుడి గురించి ఇంత గొప్పగా చెప్పగల విద్వాంసుడు, ఆ దేవుడే ఒక స్త్రీని పెళ్లాడి కొడుకును కన్నాడని ఎలా అనగలడు? అలాంటి దూషణ చేసిందెవరని తిమోతి ఎదురు ప్రశ్న వేశాడు. అలా మొదలైన వాదం రెండు రోజులు సాగింది.

క్రైస్తవులూ ముస్లింలూ ఆరాధించేది ఒకే దేవుడినా అన్న ప్రశ్న ఈ మధ్య పుట్టిందని చాలామంది అనుకుంటారు. ఇస్లాంకు ఎంత వయసుందో దానికీ దాదాపు అంత వయసుంది. ఆ ప్రశ్న చుట్టూ జరిగిన సంభాషణల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ బాగ్దాద్ వాదమే. దాని వివరాలు తిమోతి తన మిత్రుడు సెర్గియస్‌కు సిరియాక్ భాషలో రాసిన సుదీర్ఘ లేఖలో ఉన్నాయి. ఇరాక్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన పండితుడు అల్ఫోన్స్ మింగానా 1928లో దాన్ని ఇంగ్లిష్ అనువాదంతో సహా అచ్చు వేయించాడు. రాసింది ఒక పక్షం వాడే కాబట్టి ఆఖరి మాట తరచూ ఆయనదే అవుతుంది. అయినా ఖలీఫాను తెలివితక్కువవాడిగా ఎక్కడా చూపించలేదు. మహ్దీ ప్రశ్నలు పదునైనవి, క్రైస్తవుడిని నిజంగా ఇబ్బంది పెట్టేవి.

ఇద్దరిదీ సమ ఉజ్జీల వాదం కాదని మాత్రం మరవకూడదు. తిమోతి పాలితుడు. ఆయన సంఘస్థులు ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను కట్టి బతికేవాళ్లు. మహ్దీ తండ్రి మన్సూర్ కట్టించిన బాగ్దాద్‌లో క్రైస్తవ వైద్యులకూ లేఖకులకూ మంచి గిరాకీ ఉన్న మాట నిజం. బుఖ్తీషూ కుటుంబం తరతరాలుగా ఖలీఫాలకు వైద్యం చేసింది. కానీ ఇదే మహ్దీ అలెప్పో దగ్గరి తనూఖ్ తెగ అరబ్ క్రైస్తవులను బలవంతంగా మతం మార్పించాడని సిరియాక్ చరిత్రకారులు రాశారు. 782లో ఆయన కొడుకు హారూన్ సైన్యంతో క్రైస్తవ సామ్రాజ్యమైన బైజాంటియం మీదికి వెళ్లి బాస్ఫరస్ జలసంధి దాకా చేరాడు. అలాంటి రోజుల్లో, అలాంటి ప్రభువు ముందు నిలబడి తిమోతి మాట్లాడుతున్నాడు. ఒక మాట జారినా ముప్పు ఆయన ఒక్కడితో ఆగదు.

వాళ్లిద్దరి వెనుకా అప్పటికే నూటయాభై ఏళ్ల పరిచయం, తగాదా కలిసి ఉన్నాయి. నజ్రాన్ నుంచి మదీనా వచ్చిన క్రైస్తవ బృందం ప్రవక్త మసీదులోనే తూర్పుకు తిరిగి ప్రార్థన చేసుకుందని ఇస్లామీ సంప్రదాయ చరిత్ర చెబుతుంది. గ్రంథప్రజలతో, అంటే యూదులతో, క్రైస్తవులతో మంచిగా వాదించమని, మీ దేవుడూ మా దేవుడూ ఒక్కడేనని వారితో చెప్పమని ఖురాన్ 29వ అధ్యాయం ముస్లింలకు బోధిస్తుంది. అదే ఖురాన్ నాలుగో అధ్యాయం, ముగ్గురు అనవద్దని క్రైస్తవులను హెచ్చరిస్తుంది. 691-92లో జెరూసలేంలో కట్టిన డోమ్ ఆఫ్ ది రాక్ లోపల ఆ హెచ్చరికనే శాసనంగా పొదిగారు. ఒకే దేవుడని అంగీకరించడం, ఆయన గురించి మీరు తప్పు చెబుతున్నారని నిలదీయడం, రెండూ మొదటినుంచీ పక్కపక్కనే ఉన్నాయి.

క్రైస్తవుల వైపు మొదటి గట్టి జవాబు డమాస్కస్ వాసి యోహానుది. ఆయన కుటుంబం ఉమయ్యద్ ఖలీఫాల ఖజానాలో పనిచేసింది, కాబట్టి ఇస్లాంను ఆయన దగ్గరినుంచి చూశాడు. తప్పుడు బోధలంటూ సుమారు వంద మతశాఖల జాబితా రాసి, చిట్టచివర ఇస్లాంను చేర్చాడు. ఆయన భాష కఠినంగా, చాలాచోట్ల అవమానకరంగా ఉంటుంది. కానీ ఆ చేర్చిన చోటు గమనించదగ్గది. దాన్ని ఆయన వేరే దేవుడి మతంగా చూడలేదు, మన దేవుడి గురించే పొరపడ్డ మతంగా చూశాడు. దేవుడికి భాగస్వాములను కల్పిస్తున్నారన్న ముస్లింల ఆరోపణకు యోహాను తిరుగు బాణం వేశాడు. యేసు దేవుడి వాక్కు అని, ఆయన నుంచి వచ్చిన ఆత్మ అని మీ గ్రంథమే చెబుతోంది కదా, ఆ వాక్కునూ ఆత్మనూ దేవుడినుంచి వేరు చేస్తే మీరు దేవుడిని ఖండిస్తున్నట్టే కదా అన్నాడు.

తిమోతి చేతికి ఈ వాదమే మరింత నునుపుదేలి వచ్చింది. దర్బారులో ఆయన పోలికలు కూడా పాలకుడి చుట్టూనే తిరిగాయి. ఖలీఫాకు మాట ఉంది, ప్రాణం ఉంది, అంత మాత్రాన ముగ్గురు ఖలీఫాలు కారు. సూర్యుడికి వెలుగు, వేడి ఉన్నాయి, సూర్యుడు ఒక్కడే. మహ్దీ తేలిగ్గా తలూపలేదు. కాలానికి అతీతుడు కాలంలో ఎలా పుడతాడు? ఒకే వ్యక్తికి రెండు పుట్టుకలేమిటి? యేసే దేవుడైతే ఆయన ప్రార్థించింది ఎవరిని? సున్నతి చేయించుకున్న యేసు శిష్యులు దాన్ని ఎందుకు వదిలేశారు? సిలువకు మొక్కడమెందుకు? ఒకదాని తర్వాత ఒకటిగా ప్రశ్నలు కురిశాయి.

గ్రంథాల దగ్గరికి వచ్చేసరికి వాదం మరీ రక్తి కట్టింది. యేసు పంపుతానన్న ఆదరణకర్త ముహమ్మద్ ప్రవక్తే కదా అని ఖలీఫా అడిగాడు. కాదు, అది దేవుడి ఆత్మ అన్నాడు తిమోతి. యెషయా గ్రంథం 21వ అధ్యాయంలో గాడిదనెక్కి వచ్చేవాడు యేసు, ఒంటెనెక్కి వచ్చేవాడు ముహమ్మద్ కాదా అన్నాడు ఖలీఫా. వాళ్లు మాదీయుల రాజు దర్యావేషు, పారసీకుల రాజు కోరెషు అని తిమోతి జవాబు. యేసు సిలువపై చనిపోలేదన్న ఖురాన్ మాటను ఖలీఫా ముందుపెడితే, తాను మరణించే రోజు గురించి యేసు చెప్పినట్టున్న వాక్యాన్ని తిమోతి అదే ఖురాన్‌నుంచి తీసి చూపించాడు. ఎవరి గ్రంథం ఎవరికి తెలియదని? ఇద్దరికీ రెండూ బాగానే తెలుసు.

ఇక ఖలీఫా అసలు ప్రశ్నకు వచ్చాడు. ముహమ్మద్ గురించి నీ అభిప్రాయమేమిటి?

ఆ గదిలో అంతకన్నా ప్రమాదకరమైన ప్రశ్న ఉండదు. ప్రవక్త అంటే తిమోతి క్రైస్తవుడిగా మిగలడు. కాదు అంటే బహుశా బతకడు. ఆయన ఇచ్చిన జవాబు పన్నెండు శతాబ్దాల తర్వాత కూడా పండితులను ఆశ్చర్యపరుస్తోంది. వివేకమున్న ప్రతివాడూ ముహమ్మద్‌ను ప్రశంసించాలన్నాడు. ప్రవక్తలు నడిచిన బాటలో ఆయన నడిచాడన్నాడు. అందుకు కారణాలు కూడా చెప్పాడు. ప్రవక్తలందరిలాగే ఆయన దేవుడు ఒక్కడేనని బోధించాడు, జనాన్ని చెడు పనులనుంచి మళ్లించాడు, విగ్రహాలనుంచి వేరుచేసి ఏకైక దేవుడి వైపు తిప్పాడు. అబ్రాహాము విగ్రహాలను వదిలినట్టే ఈయనా వదిలాడు, దూడ బొమ్మను కొలిచినవాళ్ల మీద మోషే కత్తి ఎత్తినట్టే ఈయనా విగ్రహారాధకుల మీద ఎత్తాడు.

ఇది ప్రాణభయంతో చేసిన ముఖస్తుతి అని కొట్టిపారేసేవారున్నారు. నేను ఒప్పుకోను. ముఖస్తుతే అయితే ఆ జవాబు ప్రవక్త అన్న బిరుదు దగ్గర అంత జాగ్రత్తగా ఆగేది కాదు. పైగా తిమోతి దీన్ని తన సంఘంలోని మిత్రుడికి, సొంత భాషలో, దాచకుండా రాసి పంపాడు. ఆ ప్రశంసకు మూలం ఒక్కటే, ముహమ్మద్ జనాన్ని ఏ దేవుడి వైపు తిప్పాడో ఆ దేవుడు అబ్రాహాము దేవుడేనన్న నమ్మకం. ఆ నమ్మకం లేకపోతే మోషేతో పోలికకు అర్థమే లేదు.

మహ్దీ వెంటనే ఆ సందును పట్టుకున్నాడు. అలాగైతే ఆయన మాట నువ్వూ ఒప్పుకోవాలి కదా అన్నాడు. ఏ మాట అని తిమోతి. దేవుడు ఒక్కడే, ఆయన తప్ప వేరొకడు లేడన్న మాట అని ఖలీఫా. ఆ విశ్వాసం నాకు ధర్మశాస్త్రం, ప్రవక్తల గ్రంథాలు, సువార్త నేర్పాయి, దాని కోసమే బతుకుతాను, దాని కోసమే చస్తాను అన్న అర్థంలో తిమోతి బదులిచ్చాడు. అక్కడితో ఊరుకోలేదు. ఖురాన్‌లో దేవుడు తన గురించి ‘మేము’ అని ఎందుకంటాడు, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్న త్రిత్వం ఛాయ అందులో లేదా అని అడిగాడు. అది రాజులు మాట్లాడే తీరు అన్నాడు ఖలీఫా, రాజే కాబట్టి ఆయనకు ఆ తీరు తెలుసు.

చివరికి తిమోతి ముత్యం కథ చెప్పాడు. చీకటింట్లో అర్ధరాత్రి ఒక ముత్యం పడిపోయింది. అందరూ తడుముకున్నారు. ఒకరి చేతికి ముత్యం, ఇంకొకరి చేతికి గాజు, మరొకరికి రాయి దొరికాయి. తన చేతిలో ఉన్నదే ముత్యమని ఒక్కొక్కరి నమ్మకం. తెల్లవారితేనే నిజం తేలుతుంది. ముత్యం మా దగ్గరే ఉందని దేవుడి మీద ఆశ పెట్టుకున్నామని ఖలీఫా అన్నాడు. తన ఆశ కూడా అదేనని తిమోతి తన మత గ్రంథాలను, సత్కార్యాలను, అద్భుతాలను సాక్ష్యంగా చూపించాడు. ఎవరూ ఓడలేదు, ఎవరూ మారలేదు.

రెండు రోజుల వాదంలో వీళ్లు ఒప్పుకోని విషయాలు లెక్కలేనన్ని. కానీ నువ్వు కొలిచేది నా దేవుడు కాదు, ఇంకెవరో అని ఒక్కసారి కూడా ఒకరినొకరు అనుకోలేదు. అనుకుని ఉంటే వాదమే ఉండేది కాదు. ఇద్దరు ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నప్పుడే ఆయన స్వభావం గురించి పోట్లాడుకుంటారు. దేవుడికి కొడుకున్నాడనడం దూషణ అని మహ్దీకి మండిపోవడానికి కారణం, ఆ మాట తన దేవుడి గురించి అన్నారన్న బాధే.

తిమోతి సంఘానికి మన దేశంతోనూ సంబంధముంది. కేరళ తోమా క్రైస్తవులు ఆ కాలంలో ఆ సంఘం ఏలుబడిలోనే ఉన్నారు. ఆయన చనిపోయిన పాతికేళ్లకు, 849లో, చేర రాజు స్థాణురవి కాలంలో కొల్లంలోని ఒక క్రైస్తవ ఆలయానికి ఇచ్చిన రాగి శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. సాక్షులుగా సంతకాలు చేసిన వర్తకుల్లో ముస్లింలున్నారు, కూఫీ అరబ్బీ లిపిలో తమ పేర్లు చెక్కించారు. పహ్లవీలో, యూదు పారసీకంలో సంతకాలు చేసినవాళ్లూ ఉన్నారు. సముద్ర వ్యాపారంలో కలిసి బతికిన వాళ్లకు బాగ్దాద్ దర్బారు వాదం అవసరపడలేదేమో, కానీ ఆ వాదం పెట్టుకున్న సంఘమూ, ఈ శాసనం అందుకున్న సంఘమూ ఒకటే.

యూరప్‌లో కథ వేరుగా నడిచింది. 1076లో పోప్ ఏడో గ్రెగరీ, ఇప్పటి అల్జీరియా ప్రాంతాన్ని ఏలిన అన్నాసిర్‌కు ఒక లేఖ రాశాడు. ఒక క్రైస్తవ గురువును బిషప్‌గా అభిషేకించమని కోరుతూ, కొందరు బందీలను విడిచిపెట్టిన ఆ ముస్లిం రాజుకు కృతజ్ఞతగా రాసిన ఉత్తరం అది. విధానం వేరైనా మనం నమ్మి ఒప్పుకునేది ఒకే దేవుడినని అందులో చెప్పాడు. 19 ఏళ్లకే, 1095లో, మరో పోప్ రెండో అర్బన్ క్రూసేడ్‌కు పిలుపునిచ్చాడు. 1099 జూలైలో జెరూసలేం పడిపోయినప్పుడు అక్కడి ముస్లింలను, యూదులను ఊచకోత కోశారు.

గ్రెగరీ లేఖ మరుగున పడలేదు. 1965 అక్టోబర్ 28న రెండో వాటికన్ మహాసభ 2,221 ఓట్లతో, 88 మంది వ్యతిరేకించగా, ఇతర మతాల గురించి ఒక ప్రకటనను ఆమోదించింది. కరుణామయుడు, సర్వశక్తిమంతుడు, భూమ్యాకాశాల సృష్టికర్త అయిన ఏకైక దేవుడిని ముస్లింలు ఆరాధిస్తారని అది చెప్పింది. ఆ వాక్యం కింద పాదసూచికలో గ్రెగరీ ఉత్తరం ఉంది. అయితే ముహమ్మద్ పేరు ఆ ప్రకటనలో ఎక్కడా లేదు. ఆ విషయంలో ఖలీఫా ముందు తిమోతి చూపిన చొరవ రోములోని స్వేచ్ఛాయుత సభ చూపలేదు.

కథోలికులు కాని వారిని ఆ ప్రకటన కట్టడి చేయదు. 2015 డిసెంబర్‌లో, అమెరికాలో ముస్లింలపై ద్వేషం పెరుగుతున్న రోజుల్లో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని వీటన్ కాలేజీ రాజనీతిశాస్త్ర అధ్యాపకురాలు లరీషియా హాకిన్స్ సంఘీభావంగా హిజాబ్ ధరించి, మనం కొలిచేది ఒకే దేవుడినని రాసింది. ఎవాంజెలికల్ క్రైస్తవుల ప్రతిష్ఠాత్మక విద్యాసంస్థ అది. ఆమెను విధులనుంచి తప్పించారు, 2016 ఫిబ్రవరిలో ఆమె కాలేజీ వదిలింది.

ఆమెను వ్యతిరేకించినవారి వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. క్రైస్తవుడికి త్రిత్వం దేవుడికి తగిలించిన అలంకారం కాదు, దేవుడంటేనే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. కుమారుణ్ణి కాదన్నవాడు తండ్రినీ ఎరగడని వారి నమ్మకం. ముస్లింవైపు చూస్తే, మనిషిని దేవుడనడం షిర్క్, క్షమించరానంత పెద్ద పాపం. ఇవి పైపై తేడాలని చెప్పడం రెండు మతాలనూ అవమానించడమే.

కానీ ఆ వాదనను చివరిదాకా తీసుకెళ్తే యూదుల దగ్గర ఆగిపోతుంది. యూదులూ త్రిత్వాన్ని ఒప్పుకోరు, యేసును దేవుడనరు. అయినా యూదులు వేరే దేవుడిని కొలుస్తారని క్రైస్తవ సంఘం ప్రధాన స్రవంతి ఎన్నడూ అనలేదు. రెండో శతాబ్దంలో అలా బోధించిన మార్సియన్‌ను సంఘం వెలివేసింది. దావీదు కీర్తనలు పాడిన రోజు అతనికి త్రిత్వం తెలియదు, అయినా ఆ కీర్తనలనే ప్రతి ఆదివారం చర్చిలో పాడుతున్నారు. యూదుడికి వర్తించిన కొలత ముస్లింకు ఎందుకు వర్తించదో నాకు సంతృప్తికరంగా చెప్పినవారు లేరు. దేవుడి గురించి తప్పు తెలుసుకోవడం వేరు, వేరే దేవుడు ఉండడం వేరు. రెంటినీ కలిపేసినప్పుడల్లా ఎదుటివాడితో మాట్లాడే అవసరమే తప్పిపోతుంది, నష్టం అక్కడ మొదలవుతుంది.

మహ్దీకి ఆ అవసరం కనిపించింది. ఆ రోజుల్లోనే అరిస్టాటిల్ రాసిన టాపిక్స్‌ను, అంటే వాదం ఎలా చేయాలో నేర్పే పుస్తకాన్ని, అరబ్బీలోకి తెమ్మని ఆయన తిమోతికే ఆ పని అప్పగించాడు. మోసుల్ పాలకుడి దగ్గర లేఖకుడిగా ఉన్న అబూ నూహ్ అనే క్రైస్తవుడి సాయంతో తిమోతి దాన్ని సిరియాక్‌నుంచి అనువదించాడు. ఆ పుస్తకానికి వ్యాఖ్యానాలేమైనా ఉన్నాయేమో మార్ మత్తయి మఠంలో వెతికించమని ఒక మిత్రుడికి ఉత్తరం కూడా రాశాడు. ఆ మఠం క్రైస్తవుల్లోనే మరో శాఖ వాళ్లది.